బోణీకి పనికిరాని చెయ్యి

ఊరంతా కలిసి ఒక మనిషిని వెలివేయడం అందరూ విన్నదే. నేను ఒక్కదాన్నే ఉండి మా వీధిని వెలివేశాను. కిరాణా కొట్టు, పూలబండి, టిఫిన్ హోటల్. ఈ మూడు చోట్లా నేను అడుగు పెట్టి నాలుగేళ్లు కావస్తోంది. దండోరా ఏమీ వేయించలేదు. వెలిపడ్డవాళ్లకు కూడా ఆ సంగతి తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మాది మల్కాపురం. మా ఆయన పోర్టులో క్రేన్ నడిపేవారు. ఇరవై రెండేళ్లుగా అదే వీధి, అదే రెండు గదుల వాటా. పొద్దున తుడిచిన కిటికీ ఊచలు సాయంత్రానికి మళ్లీ నల్లబడతాయి. గాలి ఇటు తిరిగిందంటే రిఫైనరీ వాసన అన్నం గిన్నెలోకి కూడా వచ్చేస్తుంది. అవన్నీ అలవాటే. పిల్లలు లేరు. ఆయనా నేనూ, మధ్యలో టీవీ.

ఆయన ఉన్న రోజుల్లో కిరాణా కొట్టాయనకి నా చెయ్యంటే గొప్ప గురి. మా ఆయన్ని మొదటి షిఫ్టుకి పంపి నేను గుమ్మంలో నిలబడి ఉంటే, వీధి చివర నుంచి కేకేసేవాడు. "అమ్మా, ఒకపాలి రండి. బోణీ సేసి ఎల్లండి. మీ సెయ్యి మంచిది" అనేవాడు. ఇంట్లో అన్నీ ఉన్నా సరే, వెళ్లి అగ్గిపెట్టయినా కొనుక్కొచ్చేదాన్ని. పొద్దున్నే తొలి బేరం ఎవరి చేతి మీదుగా జరిగితే రోజంతా అలా ఉంటుందని అమ్ముకునేవాళ్ల నమ్మకం. నా నోటు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసేవాడు. అది చూస్తే నాకు ఎక్కడ లేని గర్వం. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాక చెబితే, "ఆ చెయ్యేదో నా నెత్తిన కూడా ఒకసారి పెట్టవే, ప్రమోషన్ వస్తుందేమో" అని ఏడిపించేవారు.

ఆ ప్రమోషన్ రాలేదు. ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పడానికి కుర్చీలో కూర్చున్నారు. ఒక బూటు విప్పారు. రెండోది నేనే విప్పాల్సి వచ్చింది.

ఇప్పటి ఆడవాళ్లు చాలామంది బొట్టు తీయడం లేదు. నన్నూ ఎవరూ బలవంతం చేయలేదు. మా ఆడపడుచయితే, పెట్టుకో వదినా, ఎవరేమంటారు అని కూడా అంది. నాకే పెట్టుకోబుద్ధి కాలేదు. అద్దం ముందు నిలబడి దిద్దుకుంటే వెనకనుంచి చూసే మనిషి లేనప్పుడు ఎందుకులే అనిపించింది. అంతే. అందులో ఏ శాస్త్రమూ లేదు.

రెండు నెలలు ఆడపడుచు నాతోనే ఉంది. పాలూ సరుకులూ ఆవిడే తెచ్చేది. ఆవిడ తగరపువలస వెళ్లిపోయాక మళ్లీ నేనే పొద్దున్నే కొట్టుకి వెళ్లాను. కొట్టాయన గుమ్మం ముందు నీళ్లు చల్లి, లక్ష్మీదేవి పటానికి అగరొత్తులు తిప్పుతున్నాడు. నన్ను చూసి తలూపాడు. తర్వాత డబ్బాలు సర్దాడు. సర్దిన డబ్బాలనే మళ్లీ సర్దాడు. పాపం, ఏదో పనిలో ఉన్నాడనుకుని నిలబడ్డాను. ఇంకెవరో వచ్చి కొనుక్కుని వెళ్లాక నాకు పాల ప్యాకెట్ ఇచ్చాడు. రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. నేను ఉప్పూ కారం తినే మనిషినే, ముక్కు మీదే ఉంటుంది కోపం. అయినా ఆ మూడు రోజులూ నాకు వెలగలేదు. అన్నేళ్లు పిలిచి మరీ బోణీ చేయించుకున్న మనిషి నా చేతిని అనుమానిస్తాడని ఎలా తోస్తుంది?

నాలుగోరోజు పంతం కొద్దీ అందరికన్నా ముందు వెళ్లాను. ట్రేలోంచి పాల ప్యాకెట్ నేనే తీసుకుని నోటు చాపాను. అతను నోటు వైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు.

"ఉండండమ్మా. బోణీ అవనీండి" అన్నాడు.

గొంతులో ఏ కరుకూ లేదు. వాన వస్తోంది, కాస్త పక్కకి జరగండి అన్నట్టే అన్నాడు. నేను జరిగాను కూడా. జరిగి నిలబడ్డాను. కాసేపటికి షిఫ్టుకి వెళ్లే ఒకాయన వచ్చి సిగరెట్ కొన్నాడు. కొట్టాయన ఆ డబ్బు కళ్లకద్దుకుని గల్లాలో వేసి, నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా, "ఇప్పుడు సెప్పండమ్మా, ఏటి కావాల?" అన్నాడు.

సిగరెట్ పనికొచ్చింది, నా పాలు పనికిరాలేదు. ప్యాకెట్ ట్రేలో పెట్టేసి మెట్లు దిగి వచ్చేశాను. ఆ రోజు అనని మాటలన్నీ ఇప్పటికీ వంటింట్లో అంటూనే ఉన్నాను. ఎన్ని రకాలుగా అన్నానో లెక్కలేదు. కూర తరుగుతూ అన్నాను, బట్టలు ఆరేస్తూ అన్నాను. ఒకసారి గట్టిగా అనేసరికి పక్కవాటా ఆవిడ తొంగిచూసి, ఎవరైనా వచ్చారా అని అడిగింది. ఎవరొస్తారు?

పూలబండి ఆవిడ సంగతి ఆ తర్వాత. ఇదివరకు అడగకుండానే మూర మల్లెలు తెంచి చేతిలో పెట్టేది. ఇప్పుడు నేను కనబడగానే తల వంచుకుని మాల కట్టుకునేది. దేవుడి పటానికి చామంతులు కావాలని వెళ్లాను ఒకరోజు. పూలు తీస్తూ తీస్తూ, "దేవుడికేనా అమ్మా?" అంది. ఒళ్లు మండింది నాకు. "కాదు, నాకే" అన్నాను. ఆమె చెయ్యి పూలబుట్టలో అలాగే ఆగిపోయింది. ఆ పూలు నువ్వే ఉంచుకో అని వచ్చేశాను. ఆ రోజు నుంచి మా దేవుడికి కూడా పూలు లేవు. దేవుణ్ణి అడిగి చేసిన పని కాదు, ఏమనుకున్నాడో మరి.

ఇక టిఫిన్ హోటల్. శనివారం సాయంత్రం మేమిద్దరం అక్కడికి వెళ్లి పెసరట్టు తినేవాళ్లం. కిటికీ పక్క టేబుల్ మాదన్నట్టే ఉండేది. ఒక శనివారం ఇంట్లో ఉండలేక ఒక్కదాన్నే వెళ్లి అక్కడ కూర్చున్నాను. ఓనరు వచ్చి, ఇటుపక్క ఫ్యామిలీలు వస్తారమ్మా, మీరు అలా లోపల కూర్చోండి అని చెయ్యి కడిగే పంపు పక్కనున్న బల్ల చూపించాడు. నేనూ నిన్నమొన్నటిదాకా ఫ్యామిలీనే నాయనా అందామనుకున్నాను. లేచి వచ్చేశాను. పెసరట్టు కూడా పోయింది.

మా అమ్మ ఉంటే, చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోలేదట నీలాంటిదే అనేది. నిజమే. చెరువుకేం పోయింది? కొట్టు నడుస్తోంది, పూలు అమ్ముడుపోతున్నాయి, కిటికీ పక్క టేబుల్ దగ్గర ఫ్యామిలీలు పెసరట్లు తింటున్నాయి. పోయిందంతా నాకే. సరుకులకేం, ఎవరితో మాట్లాడక్కర్లేని సూపర్ మార్కెట్లోనూ దొరుకుతాయి. కానీ రోజు మొత్తం మీద నేను నాలుగు మాటలు మాట్లాడేది ఆ మూడు చోట్లేనని వెలివేసేటప్పుడు తెలియలేదు. పక్కవాటా ఆవిడ నర్సు, ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో. ఒకరోజు పడుకోబోతూ లెక్క చూసుకుంటే, పొద్దుటినుంచీ నేను నోరు తెరిచి పలికింది ఒకే ఒక్క మాట. "గాజువాక." అదీ బస్సు కండక్టరుతో.

ఒకసారి ఆ కొట్టాయనే రోడ్డు మీద ఎదురయ్యాడు. నేను గాజువాక నుంచి రెండు సంచులు మోసుకుని దిగాను. అతను బండి ఆపాడు. ఇదిగో, ఇప్పుడు అడుగుతాడు, ఎందుకు రావడం లేదమ్మా, ఏం తప్పు చేశాను అంటాడు, అప్పుడు కడిగేద్దామనుకున్నాను. అప్పటికి ఏడాదిగా కూడబెట్టిన మాటలు గొంతు దాకా వచ్చాయి.

"ఏటమ్మా, అగుపడ్డం లేదు? ఊరెల్లిపోనారా?" అన్నాడు.

అంత బాధ్యతగా అడిగాడు, మహానుభావుడు. ఏడాదిగా నేను అతని కొట్టు ముందునుంచే తల తిప్పుకుని బస్సుకి నడుస్తున్నాను. అతను చూడనే లేదు. ఊళ్లోనే ఉన్నానని చెప్పాను. ఆరోగ్యం జాగ్రత్తమ్మా అని బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి సంచులు పడేసి చాలాసేపు ఏడ్చాను. అవమానానికి కూడా అంత ఏడవలేదు.

ఇక గాజువాక సంగతి చెప్పాలి. అక్కడ కూరగాయల బజారు బయట, రోడ్డు వార, పల్లెల నుంచి ఆడవాళ్లు గోనెపట్టాలు పరుచుకుని ఆకుకూరలు అమ్ముతారు. ఏడాదిపాటు అక్కడి సూపర్ మార్కెట్లోనే కొని, చివరికి వీళ్ల దగ్గర ఆగుదామనుకున్న రోజు బస్సులోంచే వాళ్లను చూసి జంకాను. వీళ్లు కూడా ఆగమంటే? ఇక ఏ ఊరెళ్లి కొనుక్కోవాలి? సంచిలో ఏదో వెతుకుతుంటే పర్సు అరలో పాత బొట్టుబిళ్లల అట్ట దొరికింది. ఎర్రవి, చిన్నవి. దిగేముందు ఒకటి తీసి నుదుటికి అంటించుకున్నాను. నా మీద నాకే సిగ్గేసింది. నా సొంత ఇంట్లో వద్దనుకున్న బొట్టుని తోటకూర కోసం పెట్టుకున్నాను.

వరసలో చివర కూర్చున్న ఆవిడ నన్ను పిలిచింది. నాకన్నా పదేళ్లు చిన్నదై ఉంటుంది. పరవాడ వైపు పల్లె. భర్త ట్రాలీ ఆటోలో పొద్దున్నే బుట్టలు తెచ్చి దింపి వెళ్తాడు. "ఇంకా బేరం తగల్లేదు. బోణీ సేయండమ్మా" అంది. రెండు కట్టలు తోటకూర, ఒక కట్ట గోంగూర తీసుకున్నాను. ఆవిడ నా నోటు కళ్లకద్దుకుంది, ఆకుకూరల మీద ఒకసారి తిప్పి చీరకొంగున ముడేసుకుంది.

మర్నాడు వెళ్లేసరికి నన్ను దూరం నుంచే చూసి నవ్వింది. నిన్న పొద్దెక్కేసరికి బుట్ట ఖాళీ అయిపోయిందట. "మీ సెయ్యి మంచిదమ్మా" అంది.

నా చేతికి పోయిన పేరు మళ్లీ వచ్చింది. ఇక నేను ఆగుతానా? మూడేళ్లు, వానైనా ఎండైనా, రోజు విడిచి రోజు అదే బస్సు. ఒక్క మనిషికి అన్ని ఆకుకూరలు ఎందుకు? సగం వాడిపోయేవి. బస్సు మల్కాపురం దాటాక బొట్టు అంటించుకోవడం, తిరుగు బస్సులో తీసి అట్టకి అతికించడం. ఆవిడ దగ్గర పట్టా మీద ఓ పక్కన కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని. వాళ్ల గేదె సంగతి, కూతురి చదువు సంగతి నాకు తెలుసు. మా ఆయన ఏం చేస్తారని ఆవిడ అడిగింది ఒకసారి. పోర్టులో క్రేన్ నడుపుతారన్నాను. నడిపేవారు అనలేదు. ఆ అబద్ధం ఆడినరోజు ఇంటికొచ్చి, ఆయన నిజంగానే డ్యూటీలో ఉన్నట్టు సాయంత్రం దాకా హాయిగా ఉన్నాను. చెప్పుకుంటే నవ్వుతారు.

ఈ మధ్య ఒక నెలన్నర ఆవిడ రాలేదు. పక్కనున్నవాళ్లని అడిగితే భర్తకి కామెర్లు, కేజీహెచ్ ఆసుపత్రిలో ఉన్నాడన్నారు. తర్వాత పోయాడన్నారు. బుట్టలు దింపుతూ నన్ను చూసి తలవంచి నవ్వే మనిషి. ఆవిడ ఊరు వెతుక్కుంటూ వెళ్దామనుకున్నాను. ఏ ముఖంతో వెళ్లను? బొట్టు పెట్టుకుని వెళ్లాలా, తీసేసి వెళ్లాలా? వెళ్లలేదు.

ఒక సోమవారం వెళ్లేసరికి ఆవిడ తన చోట కూర్చుని ఉంది. నుదురు బోసిగా ఉంది. ముందున్న కట్టలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. కొనేవాళ్లు ఆవిడ ముందు ఒక్క క్షణం ఆగి, ముఖం చూసి, పక్కావిడ దగ్గరికి జరుగుతున్నారు. పక్కావిడ బుట్ట అప్పటికే సగమైంది.

నన్ను చూడగానే ఆవిడ కళ్లల్లో ప్రాణం వచ్చింది.

"మీరొత్తారనే సూత్తన్నానమ్మా. తెల్లారినకాడ నుంచి ఒక్కలూ కొన్లేదు. ముత్తయిదువులు మీరు, మీ సేత్తో బోణీ సేయండి."

నోటు నా చేతిలోనే ఉంది. ఇచ్చేస్తే సరిపోయేది. ఇన్నేళ్లూ ఇచ్చినట్టే ఇచ్చి, కట్ట తీసుకుని వచ్చేస్తే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. కానీ ఆ ముత్తయిదువులు అన్న మాట నన్ను ఆపేసింది. ఈవిడ తన చెయ్యి పాడైపోయిందనుకుంటోంది. కాదని రుజువు చేయడానికి నాకన్నా సాక్ష్యం ఎవరు? మూడేళ్లు ఒక విధవ చేతి బోణీతోనే ఈ బుట్టలన్నీ ఖాళీ అయ్యాయి. ఆ మాట వింటే ఈవిడ గుండె తేలికపడుతుంది, ఇద్దరం కలిసి ఈ లోకాన్ని తిట్టుకుంటాం, నా అబద్ధం కూడా తీరిపోతుంది. నిజంగా అలాగే అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

నుదుటి మీద బిళ్ల తీసేశాను. "మా ఆయన కూడా లేరు. పోయి నాలుగేళ్లు దాటిపోనాది. మూడేళ్లుగా నీకు బోణీ సేసింది ఈ సెయ్యే. ఏటయింది? అన్నీ అమ్ముడుపోలేదా?" అన్నాను.

ఆవిడ నా ముఖం వైపు చూసింది. నా వేలి కొసనున్న ఎర్రబిళ్ల వైపు చూసింది.

"మరయితే ఇన్నాళ్లూ..." అని ఆగిపోయింది.

మిగతా మాట అననక్కర్లేకుండానే నాకు వినబడింది. మూడేళ్ల పొద్దులన్నీ ఆవిడ కళ్ల ముందు తిరుగుతున్నాయి. నేను వెళ్లిన ప్రతి పొద్దునా తను నా నోటు కళ్లకద్దుకోవడం, ఆ పక్కనే తన భర్త బుట్టలు దింపుతూ ఉండడం. నేను చూపించాలనుకున్నది ఖాళీ బుట్టల్ని. ఆవిడ చూస్తున్నది ఖాళీ అయిపోయిన ట్రాలీ ఆటోని. అది నిజం కాదని అరిచి చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పను? నుదుటికి అబద్ధం అంటించుకుని వచ్చినదాన్ని, నా నిజం ఎవరికి కావాలి?

నోటు పట్టుకున్న చెయ్యి చాపే ఉంచాను. ఆవిడ తీసుకోలేదు. తిట్టనూ లేదు. చాలాసేపు కట్టల మీద నీళ్లు చిలకరించి, పట్టా మీద చోటు చేస్తూ పక్కకి జరిగింది.

"కూకోండమ్మా. ఒక్క బేరం అవనీండి" అంది. గొంతు తగ్గించి, "ఏటనుకోకండి" అని కూడా అంది.

కోపం రావాలి నాకు. మూడు దుకాణాలను వెలివేసినదాన్ని, ఇంతకన్నా చిన్నమాటకి వెలివేసినదాన్ని. లేచి బస్సెక్కితే నాలుగోది కూడా అయిపోయేది. అప్పుడు ఇక కండక్టరుకి చెప్పే ఆ ఒక్క మాట కూడా ఉండదు. కోపం కోసం లోపల వెతికాను, దొరకలేదు. కూర్చున్నాను.

ఇద్దరం పక్కపక్కనే కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాం. ఆడవాళ్లు సంచులు ఊపుకుంటూ వస్తున్నారు. మా దగ్గరికి వచ్చేసరికి నడక కాస్త నెమ్మదిస్తోంది. ఒక ముఖం చూస్తున్నారు, పక్కనున్న రెండో ముఖం చూస్తున్నారు, సాగిపోతున్నారు. నేను పక్కన లేకపోతే ఎవరైనా ఆగేవారేమో. లేచి వెళ్లిపోనా అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. వద్దందో, నీ ఇష్టమందో నాకు తెలియలేదు.

ఎండ పట్టా మీదకి వచ్చాక స్టీల్‌ప్లాంటు హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించుకున్న ఒకాయన బండి ఆపి, మా ఇద్దరి ముఖాలూ చూడకుండానే గోంగూర రెండు కట్టలు కొనుక్కుని వెళ్లాడు. ఆవిడ ఆ నోటు కళ్లకద్దుకుంది, కట్టల మీద తిప్పి కొంగున ముడేసుకుంది.

తర్వాత నా వైపు తిరిగింది.

"ఇప్పుడు సెప్పండమ్మా, ఏటి కావాల?" అంది.

ఆ మాటకే నేను ఒకసారి కొట్టు మెట్లు దిగి వచ్చేశాను.

"రెండు కట్టలు తోటకూర" అన్నాను.